తొంభై అంకెల గొంతు

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే బస్సులో నాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. మా ఊరు మోర్కమ్ దగ్గరపడి, ఇళ్ళ సందుల్లోంచి సముద్రం కనబడ్డాక నావైపు తిరిగాడు.

"లోర్నా, నీ పెట్టె మాటలు పలుకుతుందన్నావే. తొంభై అంకెలూ పలుకుతుందా?"

గంట క్రితమే డాక్టరు మాకు విషయం చెప్పాడు. గొంతులో ఉన్న గడ్డ మంచిది కాదు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మనిషి బతుకుతాడు, తింటాడు, తిరుగుతాడు, కానీ మాట ఉండదు. జూన్ నెలాఖరులో ఆపరేషన్. నేను అప్పటినుంచీ ఏడుపు ఆపుకుంటున్నాను. ఈయనేమో అంకెల గురించి అడుగుతున్నాడు.

అడగడంలో తప్పేం లేదు. మా నాన్న విల్ఫ్ బిబ్బీ సముద్రపొడ్డున సిల్వర్ శాండ్స్ బింగో హాల్లో అంకెలు పిలిచే మనిషి. గాలిగంపలో ఎగురుతున్న బంతుల్లోంచి ఒకటి తీస్తాడు, దానిమీద అంకె చూస్తాడు, మైకులో పిలుస్తాడు. జనం కార్డుల మీద కొట్టేసుకుంటారు. అన్నీ కొట్టేసినవాళ్ళు "హౌస్!" అని అరుస్తారు. అంతే పని. కానీ నాన్న పిలిస్తే అది వేరు. పదకొండు రెండు కాళ్ళలా నిలబడి ఉంటుంది కదా, అది చెప్పడానికి ముందు "కాళ్ళు చూడు కాళ్ళు" అనేవాడు, హాలంతా ఈలలు. ఇరవై రెండు చూడ్డానికి రెండు బాతులు, జనం "క్వాక్ క్వాక్" అని బదులివ్వాలి. ఇవన్నీ పాతవే, ప్రతి ఊళ్ళోనూ ఉన్నవే. అవి కాక సొంతంగా అల్లినవి బోలెడు. "నలభై ఏడు, నడుం పట్టేసింది నేడు!" అంటూ నడుం పట్టుకుని ఒక వంకర వంగేవాడు. నెల్లీ లాంటి ముసలావిడలు ఆట కోసం కాదు, ఆయనతో మాటకి మాట అనడానికే వచ్చేవాళ్ళు.

"మొత్తం తొంభై?" అన్నాను.

"ఎనభైతొమ్మిదితో బింగో ఆడరు తల్లీ."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచి పుట్టిందే ఆ వేసవి అంతా.

*

అమ్మకి అస్సలు నచ్చలేదు. "గొంతేమన్నా ఉల్లిపాయల పచ్చడా, సీసాలో పెట్టి దాచుకోడానికి?" అని టీ కప్పులు ఠపీమని బల్లమీద పెట్టింది. "ఆపరేషన్ గురించి ఆలోచించండి ముందు. ఆ లప్టన్ గాడి హాలు గురించి తర్వాత ఆలోచించొచ్చు."

"ఆపరేషన్ గురించి డాక్టరు ఆలోచిస్తాడు, ఈనిడ్. అందుకే అతనికి జీతం ఇస్తున్నారు," అన్నాడు నాన్న.

నేను అప్పట్లో కంప్యూటర్లూ ఆటల డిస్కులూ అమ్మే కొట్లో పనిచేసేదాన్ని. ఎవరో వాపసిచ్చిన అమీగా కంప్యూటరు ఒకటి తక్కువకి తెచ్చుకున్నాను. దాని వెనక ఒక చిన్న డబ్బా తగిలిస్తే మైకులో మాట్లాడింది పట్టుకుంటుంది, మీట నొక్కితే తిరిగి పలుకుతుంది. ఆ సాయంత్రమే నాన్నని కూర్చోబెట్టి ఎనభై ఎనిమిది చెప్పించాను. తెర మీద గొంతు నీలం గీతలుగా పాకింది. మీట నొక్కాను.

"పక్కపక్కన ఇద్దరు లావుపాటి పిన్నులు! ఎనభై ఎనిమిది!"

నాన్న ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "నేనింత అందంగా ఉంటానా?"

ఇద్దరం పిచ్చిపట్టినట్టు ఒకటి తర్వాత ఒకటి రికార్డు చేసుకుంటూ పోయాం. పాతిక కూడా దాటలేదు, జ్ఞాపకం నిండిపోయిందని యంత్రం చేతులెత్తేసింది. షాపులోంచి అదనపు మెమొరీ కార్డు తెచ్చి పెట్టాను. అయినా సగానికి కూడా చాలలేదు. గొంతు చాలా చోటు తింటుందని అప్పుడే తెలిసింది నాకు. అక్షరాలైతే ఒక పుస్తకం పట్టే చోట్లో నాన్న మాటలు నాలుగు పట్టేవి.

"అయితే పిలిచే మాటలు వదిలేసి, ఉత్త అంకెలే చెబుదామా?" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఉత్త అంకెలు గోడ మీద దీపాల బోర్డు కూడా చెబుతుంది, లోర్నా."

*

మా కొట్లో ఒక మూల ఊరికే పంచుకునే డిస్కుల పెట్టె ఉండేది. ఎవరో ఇంట్లో కూర్చుని ఒక ప్రోగ్రాం రాస్తారు. డిస్కులో పెట్టి వదిలేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసి పదిమందికీ ఇవ్వొచ్చు. నచ్చితే రాసినవాళ్ళకి ఏదో కొంత పంపాలి, అదీ మన మర్యాద మీద వదిలేస్తారు. షేర్‌వేర్ అనేవాళ్ళు. పంపేవాళ్ళు చాలా అరుదని నాకు తెలుసు, నేనూ ఎప్పుడూ పంపలేదు.

ఆ పెట్టెంతా గాలిస్తే 'థింబుల్' అనే ప్రోగ్రాం దొరికింది. థింబుల్ అంటే కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే చిన్న టోపీ. శబ్దాన్ని ఆ టోపీలో పట్టేంత చిన్నగా చేస్తానని ఆ పేరు కాబోలు. దాంతోపాటు ఒక కాగితం. "వాడి చూడండి. స్నేహితులకివ్వండి. నచ్చితే నాలుగు పౌండ్లు పంపండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఫోన్ చేసి చెప్పండి. హెచ్. క్రుక్, కెండల్."

నడిపి చూశాను. నాన్న మాటలు సరిగ్గా సగానికి ముడుచుకున్నాయి! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. తీరా విందామని మీట నొక్కితే రెండు తంటాలు. ముడిచినదాన్ని మళ్ళీ విప్పడానికి యంత్రం తీరిగ్గా ఆలోచిస్తుంది.

"ఈలోగా జనం లేచి చేపా చిప్సూ తినేసి వస్తారు," అన్నాడు నాన్న.

రెండోది ఇంకా ఘోరం. "సిక్స్టీ సిక్స్" అని వినపడాల్సిన చోట, పెనం మీద బేకన్ మాంసం ముక్కలు చిటపటలాడుతున్నట్టుంది. ఆరూ ఏడూ ఉన్న అంకెలన్నీ అదే గోల. తొంభైలో మూడో వంతుకి పైగా అవే.

నచ్చకపోతే ఫోన్ చెయ్యమన్నారు కదా, చేశాను.

అవతల ఒక ఆడగొంతు. "హెస్టర్ క్రుక్."

"థింబుల్ రాసినాయనతో మాట్లాడాలండీ."

"ఆయన లేడు. నేనే రాశాను. ఎందుకు?"

"నేను... దాన్ని వాడుతున్నాను."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు.

"వాడుతున్నారా?" అంది ఆవిడ నెమ్మదిగా. "అంటే, నిజంగా? దేనికి?"

చెప్పాను. బింగో, ఆపరేషన్, బేకన్ చిటపట, అన్నీ ఒకే ఊపిరిలో. ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చివర్లో మాత్రం, "రెండేళ్ళయింది నేనది వదిలి. ఇంతవరకూ ఒక్కడు ఉత్తరం రాశాడు, పేరు బాగాలేదని. ఆదివారం బస్సులెప్పుడున్నాయి మీ ఊరికి?" అంది.

*

హెస్టర్ క్రుక్ పియానోలకి శ్రుతి చేసే మనిషి. యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, ముక్కుసూటిగా ఉంది. పనిముట్ల సంచీ పక్కన పెట్టి, అమ్మ ఇచ్చిన టీ తాగకుండానే, "ఏదీ, సిక్స్టీ సిక్స్ అనండి బిబ్బీ గారూ," అంది.

నాన్న ఛాతీ పొంగించి, హాలు మొత్తానికి వినపడేట్టు అన్నాడు.

"మళ్ళీ."

అన్నాడు.

"ఇంకోసారి."

"అమ్మా హెస్టర్, నాకు గొంతు ఉండేది ఇంకో నెల. నీకోసం దాన్ని ఈ మధ్యాహ్నమే ఖాళీ చేయించేస్తావా?"

ఆవిడ తల పక్కకి వాల్చి విన్నది ఆ మాటల్ని కాదు. "మీ 'స్' లో ఒక ఈల ఉంది. మనుషుల 'స్' కాదది. కట్టుడు పళ్ళా?"

నాన్న ముఖం ఎర్రబడింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, మొదటిసారి ఆమె పెదాల మీద నవ్వు కదిలింది.

"చూడండి, నా ప్రోగ్రాం చేసేదింతే," అంది హెస్టర్. "మీరు మెట్లెక్కుతున్నారనుకోండి. ప్రతి అడుగుకీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నారో నేను రాసుకోను. ముందు మెట్టు నుంచి ఎంత జరిగారో అదొక్కటే రాసుకుంటాను. చిన్న సంగతి, చిన్న చోటు. మామూలు గొంతు మెట్లెక్కినట్టే నడుస్తుంది. 'స్' మాత్రం మిడతలా ఎగురుతుంది, అందదు. దానికి మీ పళ్ళ ఈల కూడా తోడైతే ఇక బేకనే. పళ్ళు తీసి చెప్పండి."

"కుదరదు."

"ఎందుకు?"

"పెళ్ళాం తప్ప ఇంకెవరూ చూడలేదమ్మా నన్నలా!"

"నేనే ఎక్కువసార్లు చూడలేదు," అంది అమ్మ గుమ్మంలోంచి.

చివరికి ఒప్పుకున్నది బీరువాలో కూర్చుని చెప్పడానికి. అది మంచిదే అయింది. బీరువాలో కోట్ల మధ్య కూర్చుంటే గదిలో మోత రాదు, ఎవరికీ కనపడనక్కర్లేదు. తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి పళ్ళు నా చేతిలో పెట్టాడు. లోపల్నుంచి "సిక్స్టీ సిక్స్" వచ్చింది. కాస్త నములుతున్నట్టున్నా ఈల పోయింది. హెస్టర్ తెర మీద గీతలు చూసి చప్పట్లు కొట్టింది. చిన్నపిల్లలా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. వచ్చినప్పుడల్లా థింబుల్ కొంచెం మారేది. ఒకసారి మిడతలా ఎగిరే శబ్దానికి విడిగా పెద్ద అడుగులు కొలిచే ఏర్పాటు. ఇంకోసారి మాట మొదట్లో, చివర్లో ఉత్త నిశ్శబ్దాన్ని కత్తిరించే ఏర్పాటు. నాన్న ఊపిరి పీల్చుకునే చోట కత్తిరించబోతే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "అక్కడ ఆగాలి. ఆగకపోతే నవ్వు రాదు," అన్నాడు. హెస్టర్ ఆలోచించి, "సరే, నిశ్శబ్దానికి ఎక్కువ చోటు అక్కర్లేదు, ఎంతసేపో రాసుకుంటే చాలు," అని దాన్నీ చేర్చింది. నా పని మాటలు పట్టడం, పేర్లు పెట్టడం, సరిచూడటం. కొట్లో నిలబడి ఉన్నా నా బుర్రలో అంకెలే తిరిగేవి. ఎవరో వచ్చి ఏదో ఆట ధర అడిగితే "డెబ్భై నాలుగు, మంచం కింద పిల్లి పాలు తాగు" అన్నానట. కొట్టు యజమాని చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వాడు.

ముడిచింది మొత్తం విప్పేదాకా ఆగకుండా, విప్పుతూనే పలికేట్టు చెయ్యడం ఒక్కటే ఇంకా కుదరలేదు. అది ఆపరేషన్ తర్వాతైనా చెయ్యొచ్చనీ, గొంతు మాత్రం ముందే పట్టాలనీ అనుకున్నాం. తొంభైలో ఓ అరవై పట్టాం. ఇంకా పది రోజులుంది కదా అన్న ధీమా.

ఒక బుధవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్. ఒక మంచం ఖాళీ అయింది, డాక్టరు ఆలస్యం చెయ్యొద్దంటున్నారు, రేపు వచ్చి చేరండి.

*

కొట్టుకి సెలవు చెప్పాను. హెస్టర్ ఎవరి పియానోనో సగంలో వదిలేసి మధ్యాహ్నానికల్లా వచ్చింది. నాన్న అప్పటికే బీరువాలో ఉన్నాడు, ఒళ్ళో ఒక ఫ్లాస్కు, అందులో తేనె కలిపిన వేడినీళ్ళు. ఆ నెలంతా గొంతు రోజురోజుకీ అరిగిపోతూ వచ్చింది. రెండు పలుకులు బాగా వస్తే మూడోది గాలి.

"ఏది మిగిలింది?"

"యాభై మూడు నుంచి అరవై దాకా. తర్వాత డెబ్భైల్లో కొన్ని, ఎనభైల్లో కొన్ని, ఆఖరి తొంభై."

"చదువు, నేను వెంట వస్తాను."

బయట ఎండ కాస్తోంది. ఎండ కాస్తే మా ఊళ్ళో సముద్రపు కాకులకి పండగ. సరిగ్గా మా ఇంటి కప్పు మీద చేరి మొదలుపెట్టాయి. యాభై నాలుగు మధ్యలో ఒక అరుపు. మళ్ళీ చెప్పించాం. మళ్ళీ అరుపు. నాన్న బీరువాలోంచే బూతులు తిడుతుంటే, హెస్టర్ "తిట్లకి గొంతు దండగ చెయ్యకండి!" అని కసిరింది.

ఉన్నట్టుండి పైన నిశ్శబ్దం. కిటికీలోంచి చూశాను. అమ్మ పెరట్లో బట్టలారేసే పొడవాటి కర్రకి చీపురు కట్టి, రెండు చేతులతో గాల్లో ఊపుతోంది. కాకులు వస్తే ఊపుతుంది, పోతే చేతులు దించుతుంది. ఆ పని వద్దని పోట్లాడిన మనిషే, ఆ మధ్యాహ్నమంతా అలా నిలబడే ఉంది.

మేం లోపల పరుగులు తీశాం. నేను అంకె చెప్పడం, నాన్న పలకడం, హెస్టర్ తల ఊపడమో అడ్డంగా తిప్పడమో, నేను ముడిచి డిస్కులో దాచడం. మధ్యలో ఒకసారి డిస్కు నిండిపోయింది, సొరుగులన్నీ గాలిస్తే కొత్తది దొరికింది. ఎనభై ఆరు దగ్గర గొంతు పూర్తిగా పోయింది. ఆయన నీళ్ళు గుటకలు వేసే చప్పుడు వింటూ నేనూ హెస్టరూ కూర్చున్నాం. తర్వాత ఆయన దగ్గి, చాలా మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పడం వల్లే అది అన్నిటికంటే బాగా వచ్చింది. చివరగా తొంభై. "అందరికంటే పైమెట్టు! తొంభై!"

"అయిపోయింది!" అని అరిచాను. హెస్టర్ నన్ను వాటేసుకుంది. ఆవిడ అలాంటి మనిషి కాదు.

నాన్న బీరువాలోంచి బయటికొచ్చాడు. చొక్కా అంతా చెమట.

"ఇంకా కాస్త చోటుంది," అంది హెస్టర్. "ఇంకేమన్నా చెప్పాలంటే చెప్పండి, పడుతుంది. అన్నట్టు బిబ్బీ గారూ, ఒక మాట. కొత్త థింబుల్ వదిలేటప్పుడు, అది ఎలా పలుకుతుందో చూపించడానికి మీ ఎనభై ఎనిమిదిని దాంతో పెట్టొచ్చా?"

"నన్ను ఊరూరా ఊరికే పంచిపెడతావా?"

"నచ్చినవాళ్ళు నాలుగు పౌండ్లు పంపుతారు."

"అంటే ఊరికే అన్నమాట. పెట్టుకో," అన్నాడు. పళ్ళు అడిగి పెట్టుకున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. "మిగిలిన గొంతు ఈనిడ్‌ది," అని పెరట్లోకి వెళ్ళాడు.

అమ్మ చేతిలోంచి కర్ర తీసుకుని గోడకి ఆనించడం చూశాను. ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. నేను కర్టెన్ లాగేశాను. చాలాసేపు కూర్చున్నారు. ఏం చెప్పాడో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

*

జులై అంతా ఇల్లు మూగపోయింది. నాన్న మెడలో చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డ. పలక మీద రాసి చూపించేవాడు. మొదట్లో జోకులు రాసేవాడు. కానీ రాసేసరికి నవ్వే సమయం దాటిపోయేది, అది ఆయనకే ముందు తెలిసిపోయేది. మెల్లగా 'టీ', 'అవును', 'వద్దు' మిగిలాయి. కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

హాలు యజమాని డెస్ లప్టన్ పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చాడు. "బ్లాక్‌పూల్ నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చాను విల్ఫ్, తాత్కాలికంగా. తెల్ల సూటూ అదీ వేస్తాడు. జనానికి పర్లేదు," అన్నాడు, ద్రాక్షపళ్ళు ఒక్కోటి తానే తింటూ. నాన్న తల ఊపాడు.

ఆగస్టు మొదటివారంలో హెస్టర్ వచ్చింది, ఆదివారం కాకపోయినా. ముఖం వెలిగిపోతోంది. వచ్చీ రాగానే సంచీ బల్లమీద బోర్లించింది. కార్డులు, ఉత్తరాలు, విదేశీ తపాలా బిళ్ళలు అంటించినవి కూడా.

"కొత్త థింబుల్ జూన్ ఆఖర్లో వదిలాను. రెండేళ్ళలో ఒక్కడు రాసినదానికి, ఇప్పుడు చూడండి! విప్పుతూనే పలుకుతుంది ఇప్పుడు, ఆ తంటా తీరింది. కానీ వీళ్ళు అడిగేది ఆ సంగతి కాదు." ఒకటి తీసి చదివింది. "ఇది నార్వే నుంచి. 'మీ ప్రోగ్రాం బాగుంది. అయితే ఆ పిన్నుల గురించి చెప్పేదెవరు? మా ఇంట్లో మీట ఎప్పుడూ ఎవరో ఒకరు నొక్కుతూనే ఉన్నారు.' ఇది బెల్‌ఫాస్ట్. 'మా నాన్నమ్మకి ఇంగ్లండ్ వాళ్ళంటే పడదు. ఈయనకి మాత్రం పెళ్ళయిందా అని అడగమంటోంది.'"

నాన్న భుజాలు కదిలాయి. ఒక్క చప్పుడు లేకుండా నవ్వుతున్నాడని అర్థమవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. లేచాడు. దుప్పటి లాగేశాడు. యంత్రం ఆన్ చేసి, హెస్టర్ తెచ్చిన డిస్కు తోసి, ఎనిమిదీ ఎనిమిదీ నొక్కాడు. నొక్కీ నొక్కగానే పలికింది.

అమ్మ చేతిలో పళ్ళెం సింకులో పడేసి బయటికి నడిచింది. వెనకే వెళ్ళాను.

"మనిషి ఇక్కడ కూర్చుని ఉంటే మాట అక్కణ్ణుంచి వస్తుందేమిటే?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "పోయినవాళ్ళ గొంతు విన్నట్టుంది. మీకు సంబరంగా ఉందేమో. నన్ను వినమనకు."

కానీ లోపల నాన్న ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా నొక్కుకుంటూ పోతున్నాడు, వేళ్ళు వేగం పుంజుకుంటున్నాయి.

నాన్నని ఈ యంత్రంతో మళ్ళీ పిలవనివ్వమని అడగడానికి నేను లప్టన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "శనివారం మధ్యాహ్నం ఒక్క ఆట. నవ్వులపాలైతే నన్నడక్కు."

*

శనివారం కుండపోతగా వాన. ఎండ కోసం వచ్చిన జనమంతా తడిసిన కోట్లతో సిల్వర్ శాండ్స్‌లోకి దూరారు. హాలు కిటకిటలాడింది. వేదిక మీద నాన్న, మెడకి ఎర్రటి రుమాలు చుట్టుకుని. ముందు నా అమీగా. హెస్టర్ స్పీకర్ల పక్కన. నేను తీగల మధ్య మోకాళ్ళ మీద. అమ్మ రాలేదు.

నాన్న బంతి తీశాడు, ఎత్తి చూపించాడు, నొక్కాడు.

"కాళ్ళు చూడు కాళ్ళు! పదకొండు!"

హాలంతా ఆయన గొంతే. కానీ ఒక్క ఈల లేదు. పెన్సిళ్ళు కదిలాయి, తలలు ఎవరూ ఎత్తలేదు. తర్వాత అంకె. తర్వాతది. బాతులు వచ్చాయి, ఎవరూ క్వాక్ అనలేదు. బంతుల్లో సగానికి పైగా అయిపోయాయి. జాలి పడుతున్నారు. చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. నాన్న ముఖం నెమ్మదిగా పాలిపోతోంది.

అప్పుడు ముందు వరసలోంచి నెల్లీ లేచింది. "ఏం విల్ఫ్! మూతి కదపకుండా మాట్లాడేస్తున్నావ్! ఒళ్ళో ఒక చెక్కబొమ్మ పెట్టుకో, సర్కస్ వాళ్ళు తీసుకుపోతారు!"

పూర్వమైతే ఆవిడ మాట పూర్తయ్యేలోపే జవాబు వచ్చేది. జవాబులు మేం పట్టలేదు. మా దగ్గర ఉన్నవి తొంభై అంకెలే.

నాన్న ఆవిణ్ణి చూశాడు. మీటల్ని చూశాడు. ఆగాడు, అచ్చంగా ఎంతసేపు ఆగాలో అంతసేపు. ఆరూ అయిదూ నొక్కాడు.

"అరవై అయిదు! పింఛనొచ్చినా బుద్ధి రాలేదు!"

హాలు పగిలిపోయింది. అంత నవ్వు నేను ఆ కప్పు కింద ఎన్నడూ వినలేదు. బల్లలు బాదుతున్నారు, ఎవరో టీ ఒలకబోసుకున్నారు. నెల్లీ కూడా నవ్వుతూ కూలబడింది. కూలబడి కార్డు చూసుకుంది. మళ్ళీ లేచింది.

"హౌస్!"

లప్టన్ పరిగెత్తుకొచ్చాడు. "హౌసేంటి? అరవై అయిదు బంతి రాలేదు! అతను తమాషాకి నొక్కాడు!"

"పిలిచాడా లేదా? నాకు మిగిలింది అదొక్కటే. కొట్టేశాను. హౌస్!"

"అతను పిలవలేదు నెల్లీ. పలికింది మెషిను. మెషిను వాగినదానికల్లా నేను బహుమతులివ్వలేను."

నవ్వులు ఆగిపోయాయి. నాన్న చేతులు మీటల మీంచి జారి ఒళ్ళో పడ్డాయి.

"మెషినా?" అన్నది వెనకనించి ఒక గొంతు.

అమ్మ. తలుపు దగ్గర నిలబడి ఉంది, గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి అక్కడుందో. బల్లల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది.

"ఏ మెషినుకి తెలుసయ్యా లప్టన్, నెల్లీకి ఏం తగిలించాలో? ఎప్పుడు తగిలించాలో? ఆ వెటకారంతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను నేను. నాకు తెలీదా అదెవరిదో? పిలిచింది మా ఆయన!"

ఏదో బల్ల దగ్గర మొదలైంది. "విల్ఫే పిలిచాడు!" ఇంకో బల్ల అందుకుంది. కాళ్ళతో నేల తడుతూ హాలంతా అదే అరుపు. "విల్ఫే పిలిచాడు! విల్ఫే పిలిచాడు!" హెస్టర్ కూడా అరుస్తోంది, జన్మలో అరవనట్టు. లప్టన్ చుట్టూ చూసి, రెండు చేతులూ పైకెత్తి, బహుమతుల అల్మారాలోంచి గులాబీల టీ సెట్టు తీసి నెల్లీ చేతిలో పెట్టాడు. నాన్న పక్కనుంచి వెళ్తూ వంగి, "సోమవారం నుంచి వచ్చెయ్యి. జోకులకి మాత్రం వేరే మీట పెట్టించుకో, నన్ను దివాలా తీయించకు," అన్నాడు.

నాన్న అమ్మనే చూస్తున్నాడు. అమ్మ ఆయన్ని చూడలేదు. నెల్లీ పక్కన ఖాళీ కుర్చీ లాక్కుని, తడిసిన కోటుతోనే కూర్చుంది.

"నాకో కార్డివ్వండి," అంది.

కొత్త ఆట మొదలవ్వాలి. బంతులు గాల్లో ఎగురుతున్నాయి, జనం ఈలలు వేస్తున్నారు. అమ్మ సంచీలో కళ్ళద్దాలు వెతుక్కుంటోంది. అవి దొరికి, తుడుచుకుని, పెట్టుకుని, పెన్సిలు చేతిలోకి తీసుకునేదాకా నాన్న ఆగాడు. అప్పుడు బంతి పైకెత్తాడు.